అన్నీ పెట్టినా ఆకలి తీరని నిమ్మ తోట: పొదలకూరు వైపు ఒక కేసు

ఈ కేసులో మొదటి తప్పు నాదే కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతా.

నెల్లూరు దగ్గర పొదలకూరు, చేజర్ల, రాపూరు వైపు నిమ్మ తోటలకి సలహాలివ్వడం నా పని. వ్యవసాయ డిప్లొమా చేసి, కొన్నాళ్లు మందులమ్మే ఉద్యోగంలో ఊళ్లు తిరిగి, టార్గెట్ల టెన్షన్ పడలేక మానేసి సొంతంగా చూసుకుంటున్నా. నిరుడు శివరాత్రి దాటిన వారానికి ఒక కుర్రాడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. లేత చిగురు, ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం పెన్నుతో గీసినట్టు పచ్చగా. కింద ఒకటే మాట: "ఏం కొట్టాలి సార్?"

మన దగ్గర ఏమైంది అని ఎవరూ అడగరు, ఏం కొట్టాలనే అడుగుతారు. ఆ రోజు నేనూ అదే తోవన పోయాను. బస్సులో ఉన్నా, ఫొటో చూడగానే ఇనుము లోపమని తెలిసిపోయింది (అది మాత్రం నిజమే), చెట్టుకి పావు కిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉప్పు) పాదులో వేసి నీళ్లు పెట్టమని చెప్పేశా. నాలుగెకరాల తోట, 440 చెట్లు. అంటే 110 కిలోలు. కొని, మోసి, కూలి ఇచ్చి వేయించారు పాపం.

మూడు వారాలకి మళ్లీ ఫొటో వచ్చింది. అదే కొమ్మ, అదే పసుపు, ఇంకాస్త ముదిరి అంచులు తెల్లబడుతున్నాయి. ఈసారి కింద ఒక్క మాట కూడా లేదు. ఆ మాట లేకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే బండేసుకుని పోయాను.

తోటలో కనబడింది

ఎర్రనేల. ఏడేళ్ల చెట్లు, బాలాజీ రకం, విత్తనం నుంచి పెంచిన మొక్కలే. కుర్రాడి నాన్న, డెబ్బై దగ్గరున్న పెద్దాయన, మోటారు షెడ్డు దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. న్యాయమే. "అబ్బయ్యా, డీఏపీ రెండు బస్తాలు ఎక్కువే యేసినాం, ఇరవై ఇరవై యేసినాం, సీసాల మందులు కొట్టినాం, నువ్వు చెప్పిన అన్నభేదీ యేసినాం. ఇంక దానికేం తక్కువైనట్టు?" అన్నాడు. షెడ్డు వెనక ఖాళీ సీసాలు లెక్కబెట్టాను, పదకొండు రకాలు. సగం బలం టానిక్కులు. వాటిలో రెండు మూడు నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అమ్మినవే, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

తోటంతా ఒక రౌండు వేస్తే నాలుగు సంగతులు కనబడ్డాయి. విడివిడిగా చూస్తే ఒక్కటీ పెద్ద విషయం కాదు.

పశువుల కొట్టం పక్కన ఉన్న ఎనిమిది చెట్లు నిగనిగలాడుతున్నాయి. కొట్టం కడిగిన నీళ్లు వాటి మొదట్లోకే పోతాయి. రెండోది, పసుపు పచ్చ చెట్ల కింద గరిక మాత్రం ముదురు పచ్చగా, ఒత్తుగా ఉంది. "బలమంతా ఆ గరికే లాగేస్తా ఉండాది, మొన్ననే మందు కొట్టిచ్చినాం, మళ్లా లేసింది" అన్నాడు పెద్దాయన. మూడోది డ్రిప్పు. బొట్టు పడే చోటల్లా తెల్లటి గట్టి పూత, గోటితో గీకితే సున్నంలా రాలుతోంది. షెడ్డులో టీ కాచుకునే గిన్నె అడుగునా అదే పూత. నాలుగోది కుర్రాడు నడుస్తూ నడుస్తూ అన్న మాట: "కార్తీకంలో వానలు పడినాక కాస్త తేరుకుంటాయి సార్, ఎండలు ముదిరేకొద్దీ మళ్లీ పసుపే."

ఈ పసుపు ఎప్పట్నుంచి అంటే మూడేళ్లు అన్నారు. బోరు ఎప్పుడు వేశారంటే, అదీ మూడేళ్లే. అంతకుముందు తోట మూలనున్న దిగుడు బావి నీళ్లు పెట్టేవాళ్లు. అది ఎండాకాలం అడుగంటుతోందని బాగా లోతుగా బోరు దింపారు. నీళ్లు పుష్కలంగా పడ్డాయి, ఊరంతా మెచ్చుకుంది. ఈ రెంటికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు, ఎందుకు తడుతుంది, నీళ్లు పడటం మన ప్రాంతంలో వరం కదా.

ముందు ఏ ఆకు పసుపైందో చూడాలి

కొత్తగా ఈ పని నేర్చుకునే పిల్లలకి నేను చెప్పేది ఇదొక్కటే. పసుపు చూసి పరిగెత్తొద్దు, ముదురాకా లేతాకా అని చూడండి. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ లాంటివి తక్కువైనప్పుడు చెట్టు ముదురాకుల నుంచి వాటిని వెనక్కి తీసి చిగురుకి పంపుతుంది. పెద్దాకు తన నోటి దగ్గరిది తీసి పిల్లాకుకి పెట్టినట్టు. అందుకే ఆ లోపాల్లో కిందాకులు ముందు పసుపవుతాయి. ఇనుము అట్లా కదలదు. ఒకసారి ఒక ఆకులో కూర్చుందంటే దాదాపు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి వేరు నుంచి సరఫరా ఆగిన రోజున పుట్టిన ఆకు పసుపుగానే పుడుతుంది, కిందాకులు మాత్రం పాత నిల్వ మీద పచ్చగా బతుకుతాయి. ఈ తోటలో సరిగ్గా అదే కనబడుతోంది. కొన్ని చెట్లకి దాంతో పాటు ఆకు చిన్నబోయి, కణుపులు దగ్గర దగ్గరగా వచ్చి, ఈనెల మధ్య మచ్చలు మచ్చలుగా పసుపుంది. అది జింకు. చెట్టు పెరుగుదల హార్మోను తయారీకి జింకు కావాలి, అది లేకపోతే కొమ్మ సాగదు.

గ్రీనింగ్ తెగులేమో అన్న అనుమానం కూడా తీర్చుకున్నా. అందులో పసుపు ఒక కొమ్మకి పట్టి, ఆకులో ఈనెకి ఇటు ఒక రకంగా అటు ఒక రకంగా ఉంటుంది. ఇక్కడ రెండు వైపులా అద్దంలో చూసినట్టు సమానంగా, తోటంతా ఒకేలా ఉంది. ట్రిస్టెజా వైరస్‌కి లేతాకుని ఎండకి ఎత్తి పట్టుకుంటే ఈనెల్లో తెల్లటి గీతలు మెరుస్తాయి, అవీ లేవు.

పెద్దాయనతో వాదన

చెట్టు తిండి గురించి మా ఇద్దరికీ కాస్త వాదన జరిగింది, అది రాయక తప్పదు. బస్తాలో ఉండేదే చెట్టుకి తిండి అని ఆయన నమ్మకం. ఆయన ఒక్కడిదేముంది, దాదాపు అందరిదీ అదే. కాదు పెద్దాయనా, అన్నం చెట్టే వండుకుంటుంది, ఆకులో, ఎండతో, గాలీ నీళ్లూ కలిపి. మీ బస్తాలో ఉండేది ఉప్పూ చింతపండూ అన్నాను. చెట్టుని ఎండబెట్టి తూచితే 95 శాతం దాకా గాలి నుంచీ నీళ్ల నుంచీ వచ్చిన కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజనే ఉంటాయి. చెట్టుకి తప్పనిసరి అనే 17 మూలకాల్లో మిగతా 14 కలిపి ఆ మిగిలిన కాస్తలోనే.

నమ్మలేదు. అప్పుడు వాన్ హెల్మాంట్ కథ చెప్పాను. నాలుగు వందల ఏళ్ల కిందటి బెల్జియం వైపు ఆయన. 90 కిలోల ఎండు మట్టి తూచి తొట్లో పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు తప్ప ఏమీ పోయలేదు. తర్వాత పీకి తూస్తే చెట్టు 76 కిలోలు దాటింది, మట్టి తగ్గింది 60 గ్రాములు కూడా లేదు. నీళ్లే చెట్టయ్యాయని ఆయన తేల్చాడు. గాలి వాటా ఆయనకి తెలియలేదు, సగమే పట్టుకున్నాడు. ఆయన పోయాక 1648లో ఈ లెక్కలు అచ్చయ్యాయి. పెద్దాయన అంతా విని, "అట్టయితే నీళ్లు పోసి ఊరుకుందామా?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆ తగ్గిన 60 గ్రాముల్లోనే ఉంది అసలు కిటుకంతా. ఉప్పు లేని పప్పు దిగదు కదా.

పెద్దాయన మనవరాలు ఏడో తరగతి. మా మాటలు వింటూ, "మా సైన్సు బుక్కులో అయోడిన్ ప్రయోగం ఉండాది అంకుల్" అంది. సరే చేద్దాం రమ్మన్నా. సాయంత్రం నాలుగున్నరకి కొట్టం పక్క చెట్టు నుంచి ఒక పచ్చాకు, పాడైన వరస నుంచి ఒక పసుపాకు కోశాం. వేడినీళ్లలో ఉడికించి, తర్వాత స్పిరిట్ పోసిన గ్లాసులో వేసి, ఆ గ్లాసుని పొయ్యి మీద నుంచి దించిన మరిగే నీళ్ల గిన్నెలో పెట్టాం (స్పిరిట్‌ని మంట దగ్గరికి తీసుకుపోకూడదు, గుప్పున అంటుకుంటుంది). నిమ్మాకు మందం, పైన మైనం పూత, రంగు దిగడానికి చాలాసేపు పట్టింది, మధ్యలో నీళ్లు రెండుసార్లు మార్చాం. తెల్లబడ్డ ఆకుల్ని కడిగి మెడికల్ షాపు టింక్చర్ అయోడిన్ నీళ్లు కలిపి చుక్కలేశాం. పచ్చాకు మొత్తం నేరేడు పండు రంగు తిరిగింది. పసుపాకులో ఈనెల వెంట సన్నటి నల్లటి గీతలు, మిగతాదంతా లేత గోధుమ రంగు. అంటే పగలంతా అంత ఎండలో ఉండి కూడా ఆ ఆకు ఆ గీతల మేరకే పిండి తయారుచేసుకోగలిగింది.

పెద్దాయన ఆ ప్లేటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అప్పుడు మంచం మీద నాకు చోటిచ్చాడు.

ఇక్కడ ఒక చిన్న మాట. ఆకు పచ్చదనమైన క్లోరోఫిల్ మధ్యలో ఉండేది మెగ్నీషియం, ఇనుము కాదు. కానీ ఆ క్లోరోఫిల్ తయారు కావాలంటే ఇనుము చెయ్యి పడాలి, ఎండ శక్తిని అంచెలంచెలుగా అందించే పనిలో కూడా ఇనుమే ఉంటుంది. ఇటుకల్లో మేస్త్రీ కనబడడు కదా, అట్లా.

సగం ఆకుకి మందు

ఇనుము లోపమే అని నాకు తెలుసు, పాదులో వేసిన ఇనుము పనిచేయలేదనీ తెలుసు. ఈ రెంటినీ వాళ్ల కళ్ల ముందే విడదీసి చూపించాలి. లీటరు నీళ్లలో అయిదు గ్రాముల అన్నభేది కలిపాం. బోరు నీళ్లు కాదు, కొనుక్కొచ్చిన మంచినీళ్ల డబ్బాలోవి. బోరు నీళ్లతో విడిగా ఒక గ్లాసులో కలిపి చూపించా, కాసేపటికే తుప్పు రంగుకి తిరిగింది. మంచినీళ్ల గ్లాసులో తోటలోని నిమ్మకాయ ఒకటి పిండితే లేత ఆకుపచ్చగా అట్లాగే నిలబడింది. పులుపు ఉన్నంతసేపు ఇనుము కరిగి ఉంటుంది, పులుపు చస్తే తుప్పయి కూర్చుంటుంది. మొత్తం రోగం ఈ రెండు గ్లాసుల్లోనే ఉంది, కాకపోతే అప్పటికి వాళ్లకి ఇంకా చెప్పలేదు.

పది ఆకులు ఎంచి, మనవరాలి పెయింటింగ్ బ్రష్‌తో ఈనెకి ఒక పక్క మాత్రమే ఆ నీళ్లు పూశాం. చల్లబడ్డాక సాయంత్రం పూట పూయాలి, ఎండలో పూస్తే ఆకు మాడుతుంది. గుర్తుకి తొడిమలకి ఎర్ర దారం కట్టింది ఆ పిల్ల. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు, 1840ల్లో ఫ్రాన్సులో గ్రీ అనే ఆయన పాలిపోయిన ఆకులకి ఇనుము ఉప్పు రాసి పచ్చబడటం చూపించాడు. పొలంలో ఇంతకు మించిన పరీక్ష ఇప్పటికీ లేదని నా అభిప్రాయం, ఖర్చు రూపాయి కూడా కాదు.

తొమ్మిదో రోజు ఫొటో వచ్చింది. ఆకు సగం పసుపు, సగం పచ్చ. నీళ్లు సరిగా అంటని చోట చిన్న చిన్న పసుపు చుక్కలు కూడా మిగిలాయి. ఇనుము ఆకులోపల కూడా పక్కకి జరగదని ఇంతకన్నా బాగా ఏ పుస్తకం చూపిస్తుంది?

గుంత తవ్వితే

ఈలోపు నేను చేయాల్సిన అసలు పని చేశా, మొదటి రోజే చేయాల్సింది. చెట్టు గొడుగు అంచున గుంత తవ్వించా. పైన ఒక అడుగు ఎర్రమట్టి, అడుగున్నర దాటేసరికి తెల్లటి సున్నపు గులకలు, శనగ గింజంతవి, రేగిపండంతవి. నా దగ్గరున్న పలచటి యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది. పెద్దాయన నిమ్మకాయ కోసి తనూ పిండాడు, సన్నగా నురగ వచ్చింది. పీచు వేళ్లు పట్టుకు లాగితే పైతోలు ఊడి చేతికొచ్చింది, లోపల నార మిగిలింది. రోజూ డ్రిప్పు, దాని మీద వారానికోసారి పాదు నిండా నీళ్లు. చెట్టు పాలిపోతోందని నీళ్లు ఇంకా పెంచారు. వేరుకి కూడా గాలి కావాలి, నీళ్లలో మునిగిన వేరు ఊపిరాడక చస్తుంది. పైగా గాలాడని తడి మట్టిలో బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) పేరుకుని, అక్కడున్న సున్నంతో కలిసి, వంట సోడాలో ఉండే బైకార్బొనేట్‌ని ఇంకా పెంచుతుంది. రోగానికి వైద్యమనుకున్నదే రోగాన్ని మేపుతోందన్నమాట.

మట్టి, నీళ్లు రెండూ ల్యాబుకి పంపాం. మట్టి పీహెచ్ 8.4 (పులుపు కొలత ఇది, 7 కన్నా పైకి పోయేకొద్దీ సున్నం గుణం). భాస్వరం "చాలా ఎక్కువ", డీఏపీలో ఎక్కువగా ఉండేది భాస్వరమే, ఏడేళ్లు వేసిందంతా అక్కడే ఉంది. జింకు 0.4 పీపీఎం, 0.6 కన్నా తక్కువైతే లోపమని లెక్క. ఇనుము దగ్గర మాత్రం "సరిపడా" అని రాసి ఉంది, కుర్రాడు అది చూసి కాగితం తప్పేమో సార్ అన్నాడు. తప్పు కాదు. ఆ మాటకొస్తే ఎర్రనేల ఎర్రగా ఉండేదే ఇనుము తుప్పు వల్ల. ఆ చెట్లు నిలబడి ఉన్నదే ఇనుము గుట్ట మీద. నీళ్ల కాగితంలో బైకార్బొనేట్ 9, కాల్షియం మెగ్నీషియం కలిపి 6 (లీటరుకి మిల్లీ ఈక్వివలెంట్లలో). ఆ తేడా 3ని ఆర్ఎస్‌సీ (మిగిలిపోయే సోడియం కార్బొనేట్) అంటారు. 1.25 లోపుంటే సాగుకి భయం లేదు, 2.5 దాటితే పనికిరాదనే చెబుతారు.

ఇప్పుడు ముడి విప్పుతా. మట్టిలో ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది, నీళ్లలో కరగదు. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే కరిగే ఇనుము వెయ్యో వంతుకి పడిపోతుంది. నిమ్మ వేరుకి ఇది తెలుసు, అందుకే అది తన చుట్టూ పులుపు వదిలి, ఆ తుప్పుని కరిగే ఇనుముగా మార్చుకుని, అప్పుడు లోపలికి లాక్కుంటుంది. బైకార్బొనేట్ నీళ్లు వచ్చి ఆ పులుపుని ఎప్పటికప్పుడు చంపేస్తున్నాయి, చింతపండు పులుసులో సున్నం తేట పోసినట్టు. వేరు పిండుతూనే ఉంటుంది, నీళ్లు మింగుతూనే ఉంటాయి. మూడేళ్లుగా ప్రతిరోజూ. వానాకాలంలో తేరుకోవడానికి కారణం కూడా ఇదే, ఆకాశం నీళ్లలో ఈ పీడ లేదు. నేను వేయించిన 110 కిలోల అన్నభేది ఆ గుంత గోడ మీదే కనబడింది, తుప్పు రంగు మరకలుగా. ఇనుము లేని చోట ఇనుము వేస్తే పనిచేస్తుంది, ఇనుము కరగని చోట వేస్తే అదీ వెళ్లి ఆ గుట్టలోనే కలుస్తుంది. ఈ తేడా నాకు పాఠంగా తెలుసు, బస్సులో ఉన్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

భాస్వరం సంగతి కూడా చెప్పాలి. ఎక్కువైన భాస్వరం జింకునీ ఇనుమునీ పట్టుకుని కూర్చుంటుంది. దానికి తోడు నిమ్మ జాతికి వేరు నూగు తక్కువ, మట్టిలోని ఒక రకం బూజుతో పొత్తు పెట్టుకుని ఆ దారాల ద్వారా పోషకాలు తెచ్చుకుంటుంది. భాస్వరం దండిగా దొరుకుతుంటే చెట్టు ఆ పొత్తు వదిలేస్తుంది. బస్తా వేసి మనం సాయం చేశామనుకుంటాం, పాత స్నేహం తెగ్గొట్టిన సంగతి తెలియదు.

మరి గరిక ఎందుకు పచ్చగా ఉంది? గడ్డి జాతిది వేరే దారి. అవి పులుపు మీద ఆధారపడకుండా, ఇనుముని గట్టిగా పట్టుకునే ఒక పదార్థాన్ని వేళ్ల నుంచి వదిలి, ఇనుముతో సహా దాన్ని వెనక్కి లాక్కుంటాయి. జపాన్‌లో టకాగి అనే శాస్త్రవేత్త 1970ల్లో దీన్ని బయటపెట్టాడు. సున్నపు నేలలో కూడా ఇది పనిచేస్తుంది, పైగా ఆ కరిగిన ఇనుములో కొంత పక్కనున్న చెట్టుకీ దక్కుతుంది. పెద్దాయన దొంగ అనుకుని మందు కొట్టించిన గరికే ఆ తోటలో ఇనుము పంచుతున్న ఒకే ఒక్క ప్రాణి. కొట్టం పక్క చెట్ల రహస్యం కూడా దగ్గర్లోదే, పేడలోని సేంద్రియం కుళ్లేటప్పుడు పుట్టే పులుపులు ఇనుముని కరిగించి పట్టుకుంటాయి.

చేసింది, చేయనిది

ముందు నీళ్లు. పాదు నింపడం పూర్తిగా ఆపేశాం. డ్రిప్పు రోజూ కాకుండా, మట్టి పిడికిట్లో పట్టి చూసి, ముద్ద కట్టకపోతేనే. మొదలుకి నీళ్లు తగలకుండా డబుల్ రింగ్ పాదులు కట్టించాం. దిగుడు బావిలో పూడిక తీయించి వాన నీళ్లు అందులోకి మళ్లించాం, మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకే కాబట్టి ఆ మూడు నెలలు పట్టుకున్నదే లెక్క. చిగురు వచ్చే రోజుల్లో బావి నీళ్లే, మిగతా రోజుల్లో బోరు. బోరు మానెయ్యమని చెప్పలేను, చెప్పినా కుదరదు.

డీఏపీ బంద్. దీనికి మాత్రం పెద్దాయన ఒక పట్టాన ఒప్పుకోలేదు, ల్యాబు కాగితం మూడుసార్లు చదివించుకున్నాడు. యూరియా బదులు అమ్మోనియం సల్ఫేట్ విడతలుగా వేశాం, అమ్మోనియా రూపంలో నత్రజని తీసుకునేటప్పుడు వేరు చుట్టూ పులుపు పెరుగుతుంది, నైట్రేట్ అయితే దానికి వ్యతిరేకం. గొడుగు అంచున చెట్టుకి నాలుగు గుంతలు తీసి, మాగిన పశువుల ఎరువులో గంధకం పొడి కలిపి నింపాం. నేలంతా మార్చడం ఎవరి తరమూ కాదు, అంత సున్నాన్ని చంపాలంటే గంధకం లారీలు కావాలి. వేళ్లకి నాలుగు చోట్ల నాలుగు పుల్లటి గూళ్లు కడితే చాలు, మంచి వేళ్లు వాటంతట అవే అక్కడికి చేరతాయి. గంధకాన్ని ఆమ్లంగా మార్చేది మట్టిలోని సూక్ష్మజీవులు, నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

ఆకు మీద మాత్రం వెంటనే మొదలుపెట్టాం. చిగురాకు మూడింట రెండు వంతులు విచ్చుకున్నాక, సాయంత్రం పూట, అన్నభేది నిమ్మరసంతో ఒకసారి. వారం ఆగి జింకు సల్ఫేట్ లీటరుకి అయిదు గ్రాములు, ఆకు మాడకుండా సున్నం తేట కలిపి. రెండూ ఒకే ట్యాంకులో కలపొద్దు, సున్నం ఇనుముని మళ్లీ తుప్పు చేస్తుంది. పిచికారీ అంటే సెలైన్ ఎక్కించడం లాంటిది, తర్వాత వచ్చే చిగురుకి మళ్లీ కొట్టాల్సిందే.

బాగా పాడైన 40 చెట్లకి ఈడీడీహెచ్ఏ రకం ఇనుము (ఇనుము తుప్పు కాకుండా పట్టి ఉంచే పదార్థంతో కలిపింది), ఆ ఎర్రటి పొడి, నీళ్లలో కలిపి పాదులో పోయించా. ఖరీదు ఎక్కువ, అందుకే 40కే. షెడ్డులో అంతకుముందు కొన్న ఈడీటీఏ రకం ప్యాకెట్లు చించి ఉన్నాయి. అది పీహెచ్ ఆరున్నర దాటాక ఇనుముని వదిలేస్తుంది, ఎనిమిదిన్నర దగ్గరున్న మట్టిలో పోస్తే డబ్బు పోసినట్టే. షాపులో రెంటినీ "చిలేటెడ్ ఐరన్" అనే అమ్ముతారు, అట్ట మీద చిన్న అక్షరాలు చదివేదెవరు?

గరికకి కలుపుమందు ఆపించి, కోసి అక్కడే పరచమన్నాను.

ఎట్లా ఉంది ఇప్పుడు

ఆ 40 చెట్లు నెల తిరగకుండానే పచ్చటి చిగురు తీశాయి, చూడ్డానికి అద్భుతంగా ఉంది, కానీ అది మందు గొప్ప. మిగతావి మెల్లగా వచ్చాయి. జూలై చిగురు సగం సగం. వినాయక చవితి తర్వాత వచ్చిన చిగురు మొదటిసారి పిచికారీ లేకుండా పచ్చగా లేచింది, ఎక్కువ వరసల్లో. వానలయ్యాక గుంతల దగ్గర తవ్వి చూస్తే తెల్లటి కొత్త పీచు వేళ్లు ఎరువులోకి అల్లుకుని ఉన్నాయి. జింకు ఇంకా పూర్తిగా సర్దుకోలేదు, పడమటి వైపు చిన్నాకు ఉంది.

22 చెట్లు పోయాయి. అవి ఇనుము వల్ల కాదు, ఏళ్ల తరబడి మొదట్లో నీళ్లు నిలిచి మొదలు కుళ్లింది, బెరడు గీరితే బంక. బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూశాం, అప్పటికే ఆలస్యమైంది. మొదటి ఫొటోకే నేను తోటకి పోయుంటే వాటిలో కొన్నయినా దక్కేవేమో. ఖాళీల్లో రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిన మొక్కలు నాటమన్నాను, సున్నపు నేలని అది బాగా ఓర్చుకుంటుంది. అన్నభేది ఖర్చు నేనిస్తానంటే పెద్దాయన తీసుకోలేదు, ఫీజు మాత్రం ఆ సంవత్సరానికి నేనే అడగలేదు.

ఈ ఎండాకాలం కాయ నిరుటి కన్నా నయం, పొదలకూరు మార్కెట్‌కి వేసుకుపోతూ కుర్రాడు బస్తాల ఫొటో పంపాడు. ల్యాబుకి మళ్లీ మట్టి పంపితే పీహెచ్ గుంతల్లో 7.6, బయట అదే 8.4. బావి వేసవికి మళ్లీ అడుగంటింది, మే నెలంతా బోరు నీళ్లే పెట్టారు, పైచిగురు కాస్త పాలిపోయింది కూడా. మొన్న పోతే పెద్దాయన కొడవలితో గరిక కోస్తున్నాడు. సగం చెట్ల కింద పరిచి, సగం మోపు కట్టి ఆవుకి పెట్టుకున్నాడు. ఆవుకి పెట్టింది కూడా చెట్టు దగ్గరికే వస్తుంది కదా అబ్బయ్యా అన్నాడు, లెక్క తప్పినట్టు నాకేమీ అనిపించలేదు.